కుక్కను వదిలేసే ముందు పరీక్ష చేయించండి

సంపాదకులు గారికి నమస్కారములు.

మేముండే అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు వారు ఐదు వారాల క్రితం తమ కుక్కను కారెక్కించి తీసుకువెళ్లి ఊరి బయట వదిలి వచ్చారు. రెండేళ్లు పెంచిన కుక్క అది. వారి ఏడేళ్ల పాపకు తెల్లవారితే ఆగని తుమ్ములు, రాత్రయితే దగ్గు. చూడవచ్చిన బంధువులందరూ కుక్క వల్లే అన్నారు, తల్లిదండ్రులు నమ్మారు. పాపకు అలర్జీ పరీక్ష మాత్రం ఎవరూ చేయించలేదు. ఇప్పుడు కుక్క లేదు, తుమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ ఉత్తరం రాయడానికి అదొక కారణం. రెండో కారణం, నాకూ కుక్క అలర్జీ ఉంది. పరీక్షలో తేలిన అలర్జీయే. అయినా ఐదేళ్లకు పైగా కుక్క ఉన్న ఇంట్లోనే, నా పనులు నేను చేసుకుంటూ ఆరోగ్యంగా ఉంటున్నాను. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన నాకే ఈ జబ్బు సంగతి అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది కనుక, ఆ ఏడాదిన్నర మరొకరికి వృథా కాకూడదని మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచాను. కుక్కను తెచ్చుకోవాలనుకున్నా, ఉన్న కుక్కను పంపేయాలనుకున్నా ముందు పరీక్ష చేయించుకుని ఆ తర్వాతే నిర్ణయానికి రావాలన్నది నా విన్నపం.

కుక్క అలర్జీ అనగానే అందరూ బొచ్చును తిడతారు. నిజానికి తంటా బొచ్చుతో కాదు. కుక్క ఉమ్మిలో, చర్మం నుంచి రాలే సన్నని పొట్టులో, మూత్రంలో ఉండే కొన్ని ప్రొటీన్లతో. వాటిలో ముఖ్యమైనదానికి శాస్త్రజ్ఞులు క్యాన్ ఎఫ్ 1 అని పేరు పెట్టారు. కుక్క ఒళ్లు నాక్కున్నప్పుడు ఉమ్మి బొచ్చుకు అంటుకుని, ఆరి, పొడి అయి గాలిలో కలుస్తుంది. ఆ రేణువుల్లో కొంత భాగం 5 మైక్రాన్ల లోపే, అంటే మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే ఫ్యాను తిరుగుతున్న గదిలో అది గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. కిందికి దిగాక సోఫాకు, పరుపుకు, కర్టెన్లకు, వేసుకున్న బట్టలకు పట్టుకుని ఒక పట్టాన వదలదు. కుక్క గడప తొక్కని బడి గదుల్లో కూడా పిల్లల బట్టల మీద చేరి ఇది కనబడుతుందని పరిశోధకులు చూశారు. ఇంట్లోంచి కుక్క వెళ్లిపోయినా ఈ పదార్థం నెలల తరబడి ఇల్లు వదలదు. కాబట్టి రెండో అంతస్తు పాప తుమ్ములు తగ్గకపోవడానికి అది కారణం కావచ్చు. లేదా ఆ పాపకు అసలు కుక్క పడకపోవడమనేదే లేకపోవచ్చు. పరీక్ష లేకుండా ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగేవారు లేరు.

ఇది పెద్దింటివారి నాజూకు రోగమనీ, కుక్కంటే గిట్టనివారు చెప్పే సాకు అనీ అనేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. నన్నూ అన్నారు. అలర్జీ అనే మాటను వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లోనే వాడుకలోకి తెచ్చాడు. ఈ జబ్బుకు మూలమైన ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు ఇషిజాకాలు, స్వీడన్ శాస్త్రజ్ఞులు 1960ల చివర విడివిడిగా కనుగొన్నారు. కుక్క ప్రొటీన్‌కు విరుద్ధంగా మన రక్తంలో ఈ ఐజీఈ ఎంత ఉందో నేడు ల్యాబులో కొలిచి అంకెల్లో చెబుతారు. కొలతకు అందే జబ్బును మనసు కల్పించినదనడం అన్యాయం.

నా సంగతి చెబుతాను. 2020 వానాకాలంలో మా సెల్లారులో నీళ్లు నిలిచిన ఒక సాయంత్రం, మా మనవడు తడిసి వణుకుతున్న వీధి కుక్కపిల్లను తువ్వాలులో చుట్టుకుని పైకి తెచ్చాడు. "నానమ్మా, ఈ ఒక్క రాత్రికే" అన్నాడు. ఆ ఒక్క రాత్రి ఇంకా తెల్లవారలేదు. చిట్టి అని పేరు పెట్టాం. నాలుగు నెలలకు నాకు ఉదయాన్నే పది పన్నెండు తుమ్ములు, కళ్ళ దురద, ముక్కు దిబ్బడ మొదలయ్యాయి. సముద్రపు చెమ్మ అనుకున్నాను, అగరొత్తుల పొగ అనుకుని పూజ గదిలో వాటిని మానేశాను. ఒక రోజు చిట్టి నా ముంజేతిని నాకింది. కాసేపటికే, నాలుక తగిలిన మేర మాత్రమే, పప్పు గింజలు అతికించినట్టు దద్దుర్లు లేచాయి. అప్పటికీ అర్థం చేసుకోలేదు. ఆ చలికాలానికి రాత్రి పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు వినిపించడం మొదలైంది.

అప్పుడు నేను చేసిన తప్పు చాలామంది చేస్తున్నదే. మందుల షాపులో లక్షణాలు చెప్పి మాత్రలు కొనుక్కున్నాను. రంగు కాగితం పొట్లంలో మూడు రకాల మాత్రలు కలిపి ఇచ్చారు. నాలుగు రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోయింది. మళ్లీ వచ్చినప్పుడల్లా అదే పొట్లం. దాదాపు ఏడాది పాటు అలా విడతలు విడతలుగా వాడాను. ముఖం ఉబ్బింది, అదుపులో ఉన్న షుగరు పెరిగింది. చివరికి ఛాతీ వైద్యుల దగ్గరకు వెళితే వారు ఆ పొట్లం విప్పించి చూసి, అందులో ఒకటి బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ అని చెప్పారు. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనడం లేదు. ఉబ్బసం తీవ్రమైనప్పుడు అదే ప్రాణం నిలుపుతుంది. కానీ డాక్టరు చెప్పకుండా, పేరు కూడా తెలియకుండా, తుమ్ములకు నోటి ద్వారా స్టెరాయిడ్ మింగడం వల్ల షుగరు, రక్తపోటు, ఎముకలు, కళ్ళు అన్నీ దెబ్బతింటాయి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలని పాఠకులను చేతులు జోడించి కోరుతున్నాను.

పరీక్ష చాలా తేలిక. ముందు వారం రోజుల పాటు సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు ఆపమన్నారు, ఎందుకంటే అవి వాడుతుంటే చర్మం స్పందించదు. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గీతలు గీసి, ప్రతి గీత పక్కన ఒక్కొక్క పదార్థపు చుక్క వేసి, ఆ చుక్క మీదుగా సన్నని మొనతో చర్మాన్ని గుచ్చీ గుచ్చనట్టు గుచ్చారు. రక్తం రాలేదు. పావుగంట కూర్చోమన్నారు. కూర్చున్నంతసేపూ నా కళ్ళు కుక్క అని రాసిన గీత మీదే ఉన్నాయి. అక్కడ ఎర్రగా చిన్న బొబ్బ లేచింది, కానీ దానికి రెండు గీతల అవతల అంతకన్నా పెద్దది లేచి గోక్కోకుండా ఉండలేనంత దురద పెట్టింది. స్కేలు పెట్టి కొలిస్తే కుక్కకు 5 మిల్లీమీటర్లు, ఆ రెండోదానికి 9. ఏమీ కలపని చుక్క దగ్గర లేచినదానికన్నా 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే అలర్జీ ఉన్నట్టు లెక్క. ఆ 9 మిల్లీమీటర్ల బొబ్బ ధూళి పురుగులది. "అమ్మా, మీ కుక్క తప్పు కొంత, మీ పరుపు తప్పు ఎక్కువ" అన్నారు డాక్టరు గారు.

ధూళి పురుగులు కంటికి కనబడవు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి. గాలిలో తేమ 50 శాతం దాటితే వాటికి పండగే. సముద్రం ఒడ్డున ఉన్న మన విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ 70 శాతానికి పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడ తుమ్మే ప్రతి మనిషి విషయంలోనూ ముందు అనుమానించవలసింది వీటిని. గోడలకు పట్టే బూజును కూడా మరువకూడదు. మా ఇంట్లో చిట్టి లేకపోయినా నాకు సగానికి పైగా బాధ ఉండేదే. కుక్కను పంపేసి ఉంటే మనవడి కన్నీళ్లే మిగిలేవి గాని నా పిల్లికూతలు ఆగేవి కావు.

అలాగని కుక్క ప్రమేయం లేదని కాదు కనుక ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. నా పడకగదిలోకి చిట్టికి ప్రవేశం లేదు. రోజులో ఎనిమిది గంటలు మనం ఊపిరి పీల్చే గది అదే, ఆ తలుపు మూసి ఉంచడం కన్నా ఎక్కువ మేలు చేసినది మరొకటి లేదని నా అనుభవం. గుడ్డ సోఫా తీసేసి పేము కుర్చీలు వేశాం, తివాచీ చుట్టేశాం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతుకుతున్నాం, పరుపుకు జిప్పు ఉన్న తొడుగు వేశాం. మా కోడలు ఊడ్చే చీపురు మాని తడిగుడ్డతో తుడిపించడం మొదలుపెట్టింది, ఎందుకంటే పొడి చీపురు నేల మీది దుమ్మును లేపి మళ్లీ ముక్కులోకే పంపుతుంది. ఫ్యాను రెక్కల మీద నెలల తరబడి పేరుకునే బూడిదరంగు పొరను నేను ఇంట్లో లేనప్పుడు తడిగుడ్డతో తుడుస్తారు. చిట్టి బొచ్చు దువ్వడం, స్నానం చేయించడం నా కొడుకు పని, అదీ బాల్కనీలోనే. కుక్కకు వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే ఒంటి మీది అలర్జీ పదార్థం తగ్గుతుందని, రెండు మూడు రోజుల్లో తిరిగి మామూలు స్థాయికి వస్తుందని పరిశోధనల్లో తేలింది. కానీ అతిగా రుద్దితే చర్మం ఎండి పొట్టు ఇంకా రాలుతుంది కాబట్టి ఎన్నిసార్లన్నది పశువైద్యులను అడిగి చేయడం మంచిది. చిట్టిని నిమరడం నేను మానలేదు, నిమిరాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా కళ్ళు నులుముకోవడం మానేశాను. గాలిని వడకట్టే యంత్రం కొనాలనుకునేవారు, 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పట్టే హెపా వడపోత ఉన్నదే తీసుకోవాలి. మేము కొనలేదు, తలుపు మూసి ఉంచడమే మాకు సరిపోయింది.

మందుల విషయానికి వస్తే, తుమ్ములకూ దురదకూ సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి కొత్త తరం మాత్రలు పాత క్లోర్‌ఫెనిరమిన్ కన్నా మేలు. పాతది వేసుకుని స్కూటరు నడిపితే నిద్ర ముంచుకొస్తుంది. కొత్తవాటిలోనూ సెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది. ముక్కు దిబ్బడకు మాత్రల కన్నా, ఫ్లూటికసోన్ లేదా మోమెటసోన్ ఉన్న ముక్కు స్ప్రే బాగా పనిచేస్తుంది. కానీ దాని గుణం ఒక్క పూటలో కనబడదు, కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా వరుసగా వాడాలి. మూడో రోజుకే "ఇది పనిచేయడం లేదు" అని అవతల పడేసేవారే ఎక్కువ, నేనూ అలా ఒకటి పడేశాను. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మొన ముక్కు నడిమి గోడ వైపు కాకుండా బయటి వైపుకు ఉండేలా కొట్టాలని నర్సమ్మ చూపించాక గాని నాకు దాని విలువ తెలియలేదు. నేరుగా నడిమి గోడకు కొడితే ముక్కులోంచి రక్తం వస్తుంది. ఇక జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కల మందుతో జాగ్రత్త. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, కానీ ఐదు రోజులకు మించి వాడితే ముక్కు తిరిగి మరింత మూసుకుపోయి, చుక్కలు లేనిదే ఊపిరాడని స్థితి వస్తుంది.

ఉప్పు నీళ్లతో ముక్కు కడగడం చవకైన, మంచి ఉపాయం. పావు లీటరు నీళ్లకు టీ చెంచాలో సగం ఉప్పు చాలు. కొళాయి నీళ్లు పచ్చివి మాత్రం ఎన్నడూ వాడకూడదు, బాగా కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. పిల్లికూతలు, ఆయాసం ఉన్నవారు ఇన్‌హేలర్‌ను చూసి భయపడతారు, అలవాటవుతుందంటారు. నోటి మాత్రతో పోలిస్తే అందులో మందు మోతాదు చాలా తక్కువ, అదీ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రను మన దగ్గర విరివిగా రాస్తారు. మాంటెలుకాస్ట్ వాడే కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు కలుగుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక చేసింది కనుక, పిల్లలకు అది వాడుతున్న తల్లిదండ్రులు వారి నిద్రను, నడవడిని గమనించి డాక్టరుకు చెప్పాలి. మూడు నుంచి ఐదేళ్లు సాగే అలర్జీ ఇంజెక్షన్ల చికిత్స కూడా ఉంది. ధూళి పురుగుల విషయంలో దాని ఫలితాలు బాగున్నాయి, కుక్క విషయంలో అంత నిలకడగా లేవు.

కుక్కపిల్లలను అమ్మేవారు చెప్పే ఒక మాట గురించి కూడా రాయాలి. ఫలానా జాతికి బొచ్చు రాలదు, అలర్జీ రాదు అని పూడిల్, మాల్టీస్ వంటి పిల్లలను వేలకు వేలు తీసుకుని అంటగడుతున్నారు. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా తన కుమార్తెకు అలర్జీ ఉన్నందున పోర్చుగీస్ వాటర్ డాగ్‌ను తెచ్చుకున్నాక ఈ నమ్మకం లోకమంతా పాకింది. అలాంటి జాతులున్న ఇళ్లనూ మామూలు జాతులున్న ఇళ్లనూ పోల్చి 2011లో అమెరికాలో, 2012లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పరిశోధనల్లో క్యాన్ ఎఫ్ 1 మోతాదు ఆ ప్రత్యేక జాతుల ఇళ్లలో తక్కువగా ఏమీ లేదని తేలింది. అలర్జీ లేని కుక్కజాతి అంటూ లేదు. నిజంగా ఉపయోగపడే తేడా ఒకటి ఉంది. క్యాన్ ఎఫ్ 5 అనే ప్రొటీన్ మగ కుక్కల ప్రొస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది కాబట్టి, కేవలం దానికే అలర్జీ ఉన్న కొందరు ఆడ కుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలరు. అదీ రక్త పరీక్షలోనే తెలుస్తుంది. జాతి చూసి డబ్బు పోసేకన్నా, పెంచదలచిన కుక్క దగ్గరే నాలుగైదు సార్లు గంటల తరబడి గడిపి చూసుకోవడం తెలివైన పని.

ఒళ్లు దురద పెట్టిన ప్రతిసారీ అది అలర్జీ కాదని కూడా చెప్పాలి. కుక్క ఒంటి మీది గోమార్ల వంటి పురుగులు కుట్టినా దద్దుర్లు వస్తాయి, కుక్క నుంచి తామర కూడా అంటుకుంటుంది. వాటికి వైద్యం వేరు.

అపార్ట్‌మెంటు సంఘాల వారికి ఒక మాట. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం గాని, వాటిని లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపే అధికారం గాని సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగే అలర్జీ ఉన్న మనిషి "మీరు దిగాక నేను ఎక్కుతాను" అంటే అది మీ కుక్కను అవమానించడం కాదు. తలుపులు మూసుకున్న లిఫ్టు గాలాడని పెట్టె వంటిది, అందులో కుక్క దిగిపోయాక కూడా ఆ రేణువులు కాసేపు ఉంటాయి. లిఫ్టులో ఫ్యాను సరిగా తిరిగేలా చూడడం, రోజూ తడిగుడ్డ పెట్టించడం సంఘానికి పెద్ద ఖర్చు కాదు. మా మేడ మీది ఆయన తన కుక్కతో మెట్లు దిగుతూ, నన్ను చూసి ఒక వారగా ఆగి దారి ఇస్తారు. ఆయన్ని ఎవరూ అడగలేదు, నా జబ్బు సంగతి తెలిశాక తనంతట తానే మొదలుపెట్టారు.

పిల్లల ఉబ్బసం తీవ్రంగా ఉండి, మందులు వాడుతున్నా అదుపులోకి రాక, కుక్కే ముఖ్య కారణమని పరీక్షలో తేలితే కుక్కను వేరే ఇంటికి పంపక తప్పదు. బిడ్డ ఊపిరి కన్నా ఏదీ ఎక్కువ కాదు. అప్పుడు కూడా బంధువులకో స్నేహితులకో చెప్పి, దాన్ని చూసుకునే ఇల్లు దొరికేదాకా ఆగి అప్పగించాలి. ఇంటి తిండి తిని పెరిగిన కుక్క హైవే పక్కన నాలుగు రోజులు బతకడం కూడా కష్టమే.

మన ఊళ్లో కింగ్ జార్జ్ ఆసుపత్రితో పాటు వాల్తేరు ప్రాంతంలో ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రి, చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉన్నాయి. అలర్జీ పరీక్ష పేదవారికి కూడా అందేలా, ఈ ఆసుపత్రుల్లో వారానికి ఒక పూటయినా ప్రత్యేక విభాగం నడిపించాలని ఆరోగ్య శాఖ అధికారులను కోరుతున్నాను. నగరపాలక సంస్థ వారు పెంపుడు కుక్కల నమోదుకు వచ్చే కుటుంబాలకు, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగి ఒక్క పేజీ తెలుగు కరపత్రం చేతిలో పెట్టగలిగితే చాలా కుక్కలు వీధిన పడకుండా ఉంటాయి. మీ ఆరోగ్య పేజీలో ఛాతీ వైద్యుల చేత, పశువైద్యుల చేత ఈ విషయం మీద ఒక వ్యాసం రాయించవలసిందిగా మనవి.

రెండో అంతస్తు వారితో నేను మూడుసార్లు మాట్లాడాను. వారి డాక్టరును అడిగి పాపకు సెట్రిజిన్ ఆపారు, వచ్చే మంగళవారం పరీక్షకు తీసుకువెళుతున్నారు. పాప తండ్రి మొన్న ఆదివారం కుక్కను వదిలిన చోటికి మళ్లీ వెళ్లి, పేరు పెట్టి పిలుస్తూ చీకటి పడేదాకా తిరిగారట. అది కనబడలేదు.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.